ముక్తినాథ్ దారిలో ఒక ఏకాదశి రాత్రి: పర్వత వ్యాధి కేస్ స్టడీ

కార్తీక శుద్ధ ఏకాదశి రాత్రి, నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికి దిగువన రాణిపౌవా అనే ఊళ్ళో, 3,710 మీటర్ల ఎత్తున, నేను డాక్టరుగా వెళ్ళిన యాత్రా బృందంలోని 61 ఏళ్ళ స్త్రీకి పర్వత వ్యాధి, అంటే ఎత్తుకు ఒళ్ళు అలవాటుపడక వచ్చే జబ్బు, ముదిరింది. మెదడుకు నీరు పట్టే దశ మొదలైన లక్షణాలు కనిపించాయి. రాత్రికి రాత్రే జీపులో కిందికి దించాం. పూర్తిగా కోలుకున్నారు. చేసిన వైద్యం ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉండేదే. నేను ఈ కేసు రాయడానికి కారణం వేరే. ఆమె తూలడం ఇంట్లోవాళ్ళ కంట పడింది సాయంత్రం ఆరు గంటలకి. నా చెవిన పడింది పదకొండు దాటాక. మధ్యలో ఆ ఐదు గంటలు ఎక్కడ పోయాయో వెతికితే, మందుల పెట్టెకు సంబంధం లేని కారణాలు దొరికాయి. కొండల మీదికి పెద్దవాళ్ళను తీసుకెళ్ళే ప్రతి తెలుగు కుటుంబానికీ అవి తెలియాలని నా తపన.

ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్ళను గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఆమె విశ్రాంత ఉపాధ్యాయురాలు కాబట్టి, బృందంలో అందరం పిలిచినట్టే టీచరు గారు అంటాను.

దారి, ఎత్తులు

ముక్తినాథ్ ముస్తాంగ్ జిల్లాలో, 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమకు పడమటి పాదంలో ఉంది. గుడి ఉన్నది దాదాపు 3,800 మీటర్ల ఎత్తున. వైష్ణవులకు ఇది 108 దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామ క్షేత్రం. గుడి వెనక అర్ధచంద్రాకారంలో ఉన్న 108 ధారల కింద స్నానం కోసం, కాళీ గండకిలో దొరికే సాలగ్రామాల కోసం, కాగ్‌బేని సంగమంలో పిండప్రదానం కోసం మన రెండు రాష్ట్రాల నుంచీ ఏటా ఎంతోమంది వెళ్తారు. వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది పిల్లల పెళ్ళిళ్ళూ, ఉద్యోగాలూ ముగించుకుని తీరిక చిక్కాక బయల్దేరినవాళ్ళే. అంటే బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు సామానుతోపాటే వస్తాయి.

అదే చోటికి ట్రెక్కింగ్ చేసేవాళ్ళు రోజుల తరబడి నడిచి చేరతారు. ఆ నడకే వాళ్ళ ఒంటిని ఎత్తుకు అలవాటు చేస్తుంది. మన యాత్రికుడు జీపులోంచి దిగుతాడు, ఇప్పుడైతే హెలికాప్టర్‌లోంచి కూడా దిగుతున్నాడు. ఒళ్ళు మాత్రం ఇంకా పోఖరాలోనే ఉంటుంది. పోఖరా ఎత్తు 800 మీటర్ల పైచిలుకు, జోమ్‌సోమ్ 2,700 పైచిలుకు, కాగ్‌బేని సుమారు 2,800. గుడి దగ్గర గాలిలో ఆక్సిజన్ పాలు ఇక్కడిలాగే 21 శాతమే కానీ, గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ప్రతి ఊపిరికీ లోపలికి వెళ్ళే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గిపోతుంది. దానికి సర్దుకోవడానికి ఒంటికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటును రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచవద్దని పర్వత వైద్యులు చెప్పేది అందుకే. పగలు ఎంత ఎత్తుకు వెళ్ళి వచ్చారన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం.

నేపాల్ వైద్యుడు బుద్ధ బస్న్యాత్ గోసాయికుండ యాత్రికుల మీద పరిశోధన చేశారు. జనై పూర్ణిమకు 4,380 మీటర్ల ఎత్తున ఉన్న ఆ సరస్సుకు వెళ్ళే భక్తుల్లో పర్వత వ్యాధి ఎంత ఎక్కువో ఆయన రాసినవి చదివాకే, యాత్రికుణ్ణి పర్వతారోహకుడి కొలతతో కొలవకూడదని నాకు స్థిరపడింది. పర్వతారోహకుడికి ఒంట్లో బాగోకపోతే రేపు ఎక్కుతాడు. యాత్రికుడికి తిథి ఉంటుంది.

మేము వేసుకున్న క్రమం ఇది: పోఖరా నుంచి పొద్దున్నే విమానంలో జోమ్‌సోమ్, రెండు రాత్రులు కింద నిద్ర, మూడోరోజు ఉదయం జీపులో ముక్తినాథ్ వెళ్ళి దర్శనం చేసుకుని చీకటి పడకముందే కిందికి. కాళీ గండకి లోయలో పొద్దెక్కే కొద్దీ గాలి చెలరేగుతుంది కాబట్టి విమానాలన్నీ ఉదయం పూటే. ఆ ఉదయం వాతావరణం బాగోక విమానం రద్దయింది. బేని, తాతోపాని మీదుగా రోడ్డున బయల్దేరి, రోజంతా గుంతల్లో ఎగిరెగిరి, రాత్రి పొద్దుపోయాక జోమ్‌సోమ్ చేరాం. కింద గడపాల్సిన ఒక పగలంతా అలా చేజారింది. మర్నాడే ఏకాదశి.

కాగ్‌బేనిలో పితృకార్యాలయ్యాక అక్కడే పడుకుని, ద్వాదశి ఉదయం పైకి వెళ్దామన్నాను. అందరికందరూ ఒప్పుకున్నారు, టీచరు గారి కుటుంబమూ మరో రెండు జంటలూ తప్ప. క్షీరాబ్ది ద్వాదశి నాడు సూర్యోదయానికి ముందే ధారల కింద స్నానం చేస్తామని వాళ్ళ మొక్కు. వద్దని చెప్పాను, ఎందుకు వద్దో చెప్పాను. వాళ్ళ నిర్ణయం మారలేదు. పెద్ద బృందాన్ని మా నర్సుకు అప్పగించి, ఆక్సిజన్ సిలిండర్‌తో వాళ్ళవెంట నేను వెళ్ళాను. జీపు, డ్రైవరు రాత్రంతా మా లాడ్జీ దగ్గరే ఉండాలన్నది నేను పెట్టిన షరతు. పడుకునే ముందు ఒకసారి, పదకొండింటికి ఇంకోసారి ప్రతి గదినీ తట్టి చూస్తానన్నది రెండోది.

రోగి

బీపీ పన్నెండేళ్ళుగా ఉంది, టెల్మిసార్టాన్‌తో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. గుండె పరీక్షలు బాగానే ఉన్నాయి. ఇంతకుముందు ఎత్తైన చోటుకు వెళ్ళలేదు. సల్ఫా మందులు పడకపోవడం లాంటివి లేవు కాబట్టి, అందరికీ ఇచ్చినట్టే, ఎత్తుకు ఒళ్ళు త్వరగా సర్దుకునేలా చేసే అసిటజోలమైడ్ మాత్ర 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచే మొదలుపెట్టమని ఇచ్చాను.

పోఖరాలో నేను ప్రతి ఒక్కరి చేతా ఒక పని చేయిస్తాను. హోటల్ వరండాలో టైల్స్ గీత మీద, ఒక కాలి వేళ్ళకు రెండో కాలి మడమ ఆనించి పెడుతూ, పది అడుగులు నడిపిస్తాను. అరవై దాటినవాళ్ళలో కొందరు మామూలుగానే తూలతారు. మోకాళ్ళు అరిగినవాళ్ళు, షుగరు వల్ల అరికాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళు ఉంటారు. వాళ్ళ మామూలు నడక ఏదో ముందే తెలియకపోతే, పైన అర్ధరాత్రి తూలినప్పుడు అది కొత్తదో పాతదో చెప్పలేం. టీచరు గారు ఆ రోజు పది అడుగులూ గీత తప్పకుండా నడిచారు. "బడిలో పిల్లల చేత నడిపించేదాన్ని" అని నవ్వారు కూడా. కాగితం మీద ఆమె పేరు ఎదురుగా "10/10" అని రాసుకున్నాను. ఈ కేసులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఆ చిన్న రాత.

సాయంత్రం నుంచి అర్ధరాత్రి

రాత్రి ఎనిమిదిన్నరకి అందరినీ చూశాను. టీచరు గారి రక్తంలో ఆక్సిజన్ 83 శాతం. మిగతావాళ్ళవి 84 నుంచి 88 మధ్య. ఆ ఎత్తుకు కొత్తగా వచ్చినవాళ్ళలో ఇవి చూసి ఉలిక్కిపడాల్సిన అంకెలు కావు. తలనొప్పి ఉందా అంటే, "ప్రయాణ బడలిక అండీ, ఉపవాసం కదా" అన్నారు. భర్త పక్కనే ఉన్నారు. కోడలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

పదకొండుకి తలుపు తట్టాను. మంచం పక్కన బకెట్ ఉంది. రెండుసార్లు వాంతి అయిందన్నారు. తల పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పిలిస్తే పలికారు కానీ, జవాబు కాస్త ఆలస్యంగా వస్తోంది. నాడి 112, బీపీ 158/94, జ్వరం లేదు. చేతులు దుప్పట్లో వెచ్చబరిచాకే ఆక్సిమీటర్ పెట్టాను, చల్లబడిన వేళ్ళ మీద అది చూపే అంకెను నమ్మకూడదు కాబట్టి. 76 శాతం. ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపించాయి, దగ్గు లేదు.

షుగరు పేషెంటు, ఉపవాసం. కాబట్టి ముందు చూడాల్సింది షుగరే. గ్లూకోమీటర్ నా లోపలి జేబులో ఉంటుంది, చలికి దాని బ్యాటరీ పనిచేయదు. 58 చూపింది. తిండి మానేశారు, గ్లిమెపిరైడ్ మాత్రం అలవాటు ప్రకారం వేసుకున్నారు. గ్లూకోజ్ నీళ్ళు కలిపి ఇస్తే పెదవులు బిగించారు. "ఏకాదశండీ." గ్లూకోజ్ అన్నం కాదు, ధాన్యం కాదు, పాలూ పళ్ళూ తీసుకునేవాళ్ళకు ఇందులో దోషం లేదని చెప్పాను. పక్క గదిలోంచి వచ్చిన మా బృందం పురోహితులు అవునని తల ఊపారు. అప్పుడు తాగారు. ఇరవై నిమిషాలకి షుగరు 140 దాటింది.

అసలు చిక్కు ఇక్కడే. షుగరు సరైంది, తలనొప్పి తగ్గలేదు. షుగరు పడిపోతే వచ్చే తలనొప్పి, వికారం, నీరసం, తికమక, నడక తప్పడం అన్నీ పర్వత వ్యాధిలోనూ ఉంటాయి. ఒకటి దొరికింది కదా అని రెండోది వెతకడం మానేస్తే రోగి చేజారిపోతుంది. కాబట్టి మంచం దింపి, చాపల మధ్య గీత మీద మడమ నడక చేయించాను. మూడో అడుగుకే పక్కకి ఒరిగారు, కోడలు పట్టుకుంది. మళ్ళీ చేయిస్తే మళ్ళీ అంతే. ముఖం ఒంకర పోలేదు, రెండు చేతులూ సమంగా లేస్తున్నాయి, మాట ముద్దగా లేదు కాబట్టి పక్షవాతం అనిపించలేదు. పోఖరాలో పదికి పది నడిచిన మనిషి మూడో అడుగుకి ఒరిగిపోతోంది. షుగరు సరయ్యాక కూడా నడక తప్పుతుంటే, ఆ ఎత్తున, మెదడుకు నీరు పట్టిందనుకునే ముందుకు సాగాలి. తెల్లారేదాకా చూద్దాం అనే వీలు ఈ జబ్బులో లేదు. కొన్ని గంటల్లో స్పృహ తప్పవచ్చు.

మెదడులో ఉబ్బు తగ్గించే డెక్సామెథసోన్ 8 మి.గ్రా. ఇంజెక్షన్ ఇచ్చాను. ఆక్సిజన్ పెట్టాను, 90 శాతం దాకా వచ్చింది. ఈ రెండూ దిగడానికి తోడ్పడేవే, దిగడానికి బదులు కావు.

అప్పుడు కోడలు నోరు విప్పింది. అత్తగారు ఆ ఎత్తు మాత్ర పోఖరాలోనే మానేశారట, బీపీ మాత్ర కూడా. రోడ్డున బయల్దేరిన రోజు దారిలో ఆడవాళ్ళకి దిగే చోటు లేదు. మాటిమాటికీ జీపు ఆపమనడం ఎలా అని ఒంటేలు ఎక్కువయ్యే మాత్రలన్నీ పక్కన పెట్టారు, నీళ్ళూ తాగలేదు. సాయంత్రం ఆరింటికి దీపం పెట్టేటప్పుడు రెండుసార్లు తూలి గోడ పట్టుకున్నారు. "మామయ్యగారి ముందు ఎలా చెప్పను అనుకున్నానండీ, అత్తయ్య కూడా చెప్పొద్దని సైగ చేశారు" అంది.

దిగనన్న మనిషిని దించడం

"ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా దిగమంటారా డాక్టరు గారూ?" అన్నారు టీచరు గారు. తెల్లారితే ద్వాదశి, గుడి మెట్లు కనుచూపు మేరలో ఉన్నాయి. భర్త తల దించుకుని కూర్చున్నారు. ఆయన తండ్రిగారి పేరు మీద మొక్కు అది.

ఇలాంటి సమయంలో ప్రాణం ముఖ్యమా దర్శనం ముఖ్యమా అని అడగకూడదు. ఆ ప్రశ్నకు భక్తులు చెప్పే జవాబు మనకు పనికిరాదు, పైగా అలా అడగడంలో ఒక చులకన ఉంటుంది. నేను వైద్యం సంగతి రెండు ముక్కల్లో చెప్పి పురోహితుల వైపు చూశాను. ఆయన ఆమె మంచం పక్కన కూర్చుని, "ఆతురే నియమో నాస్తి అన్నారమ్మా. ఒంట్లో బాగాలేనివాళ్ళకు మంత్రస్నానం ఉంది, మానసస్నానం ఉంది. నీళ్ళతో చేసే వారుణస్నానం ఒక్కటే స్నానం కాదు. తెల్లవారి మీ కోడలు ధారల కింద మీ గోత్రనామాలతో స్నానం చేసి తీర్థం తెస్తుంది. మీరు గండకి ఒడ్డున ప్రోక్షణ చేసుకుని పారణ చేయండి, ఫలం తక్కువ కాదు" అన్నారు. ఆమె ఆయన్ని ఒక్కటే అడిగారు: "మొక్కు తీరినట్టేనా?" తీరినట్టే అన్నారు. శాలువా కప్పుకున్నారు.

ఈ సంభాషణకు ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. నేను అరగంట వాదించినా ఆ పని అయ్యేది కాదు. ఆ వెసులుబాటు మన ధర్మశాస్త్రంలోనే ఉంది. దాన్ని చెప్పగల మనిషి ఆ గదిలో ఉండటం, ముందే ఆయనతో నేను మాట్లాడి ఉండటం వల్లే అది అక్కరకొచ్చింది. యాత్రకు ముందు పురోహితులతో కూర్చుని, ఎవరెవరు స్నానం చేయకూడదో, ఉపవాసం ఎవరికి కుదరదో, దానికి శాస్త్రం ఏం ప్రత్యామ్నాయం ఇస్తుందో మాట్లాడుకోవడం మందుల జాబితా రాసుకోవడంతో సమానమైన పని.

ఇంకొకరి సాయం కూడా చెప్పాలి. లాడ్జీ నడిపే దిదీ (నేపాలీలో అక్క అని పిలుపు) ఆ చలిలో లేచి డ్రైవర్‌ను లేపింది, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసింది, జోమ్‌సోమ్‌లోని తన బంధువుకు ఫోన్ చేసి గది తెరిపించింది. పన్నెండున్నరకి బయల్దేరాం. రాణిపౌవా నుంచి జోమ్‌సోమ్ పాతిక కిలోమీటర్ల లోపే, ఎత్తు తేడా దాదాపు 1,000 మీటర్లు. ఇలాంటి రోగికి సాధారణంగా ఆ మేరకు దిగితే చాలు. మధ్యలో మళ్ళీ కనుమ ఎక్కాల్సిన పని లేకపోవడం ఈ దారి అదృష్టం. లదాఖ్‌లో నుబ్రా లోయ నుంచి లేహ్‌కు రావాలంటే 5,300 మీటర్లు దాటిన ఖర్దుంగ్ లా ఎక్కి దిగాలి. అలాంటి చోట ఇదే రోగికి ఇదే నిర్ణయం ఇంత తేలిక కాదు. ఎక్కడ పడుకోవాలో తేల్చుకునేటప్పుడే, అక్కడి నుంచి దిగే దారి నిజంగా కిందికే వెళ్తుందా అని చూసుకోవాలి.

జోమ్‌సోమ్ చేరేసరికి తలనొప్పి సగానికి తగ్గింది. అక్కడి ఆసుపత్రిలో చూపించాం, ఆక్సిజన్ తెల్లారేదాకా కొనసాగింది. డెక్సామెథసోన్ ఆరు గంటలకొకసారి 4 మి.గ్రా. చొప్పున ఇచ్చాం. దానివల్ల మర్నాడు షుగరు 260 దాటింది, ఊహించిందే, సరిచేశాం. ఉదయం పదింటికి ఆసుపత్రి వరండాలో పది అడుగులు నడిచారు, ఒక్కసారి మాత్రం ఒరిగారు. సాయంత్రానికి పదికి పది. ఆక్సిజన్ లేకుండా 91 శాతం.

మళ్ళీ పైకి వెళ్ళవచ్చా అని కొడుకు ఫోన్ చేసి అడిగాడు. మామూలు పర్వత వ్యాధి అయితే, పూర్తిగా తగ్గాక మెల్లగా మళ్ళీ ఎక్కనిస్తాను. నడక తప్పిన రోగిని ఆ యాత్రలో మళ్ళీ ఎక్కించను. కోడలు తెచ్చిన తీర్థంతో ఆమె గండకి ఒడ్డునే పూజ ముగించుకున్నారు.

ఆ ఐదు గంటలు

మాత్ర ఎందుకు మానేశారు? దారిలో మరుగుదొడ్డి లేదు, అడగడానికి సిగ్గు. నీళ్ళు ఎందుకు తాగలేదు? అదే. తూలితే ఎందుకు చెప్పలేదు? తన వల్ల అందరి మొక్కూ ఆగిపోతుందని. కోడలు ఎందుకు చెప్పలేదు? మామగారి ముందు అత్తగారి బలహీనత బయటపెట్టడం మర్యాద కాదని. నేను అడిగినప్పుడైనా ఎందుకు చెప్పలేదు? భర్త ఎదురుగా అడిగాను కాబట్టి. ఇందులో ఎవరి తప్పూ లేదు. మంచి కుటుంబాల్లో మనుషులు ఒకరి కోసం ఒకరు నోరు నొక్కుకుంటారు. సముద్రమట్టంలో దానివల్ల పెద్ద నష్టం ఉండదు. 3,700 మీటర్ల దగ్గర ఒక తలనొప్పిని ఐదు గంటలు దాచడమంటే జబ్బుకు ఐదు గంటల గడువిచ్చినట్టే.

పర్వత వ్యాధిని గుర్తించే లేక్ లూయిస్ కొలమానం 2018లో సవరించారు. అందులో తలనొప్పి, కడుపు తిప్పడం, నీరసం, తల తిరగడం అనే నాలుగింటికీ రోగి తన నోటితో జవాబు చెప్పాలి. తలనొప్పి ఉండి, మొత్తం మూడు మార్కులు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే జబ్బు ఉన్నట్టు. మొహమాటపడే రోగికి ఆ కొలమానంలో ఎప్పుడూ సున్నాయే వస్తుంది. కాబట్టి అడిగే పద్ధతే మార్చాలి.

ఇప్పుడు మా బృందాల్లో భార్యాభర్తల్ని, అత్తాకోడళ్ళను జోడీ కట్టను. ఇంచుమించు ఒకే వయసున్న, ఒకే ఇంటివాళ్ళు కాని ఇద్దరు స్త్రీలు ఒక జోడీ. మగవాళ్ళకూ అంతే. సాయంత్రం ఆరింటికి ఒకరి నడక ఒకరు చూస్తారు, మా నర్సు స్త్రీలందరినీ వేరే గదిలో అడుగుతుంది. "తలనొప్పి ఉందా" అని అడగం, "లేదండీ" అన్న జవాబు నాలుక చివరే ఉంటుంది. "పొద్దుటి కంటే ఇప్పుడు తల ఎంత బరువుగా ఉంది?" అని అడుగుతాం. పోఖరా రోడ్డున స్త్రీలకు ఆగే చోట్లు ముందే మాట్లాడిపెట్టి, ఆ సమయాలు డ్రైవర్లకు రాసిస్తాం. మాత్రలు మానకుండా చూడటానికి దీనికి మించిన ఉపాయం నాకు తెలియదు. ఉపవాసం ఉండే రోజు గ్లిమెపిరైడ్ వేసుకోవద్దని మాత్రల డబ్బా మీదే తెలుగులో రాసి అంటిస్తాం.

కర్పూరం గురించి ఒక మాట. మనవాళ్ళు రుమాల్లో కర్పూరం కట్టుకుని పీలుస్తుంటారు. ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుందే గానీ, రక్తంలో ఆక్సిజన్ దానివల్ల పెరగదు. పీలిస్తే అడ్డు చెప్పను, అది చాలని దిగడం ఆలస్యం చేస్తే మాత్రం ఊరుకోను.

స్నానం గురించి ఇంకాస్త. 108 ధారల నీళ్ళు మంచు కరిగినంత చల్లగా ఉంటాయి. తల తడుపుకుంటూ వాటి కింద పరుగెత్తి, ముందున్న రెండు కుండాల్లో మునిగి, తడిబట్టలతో గుడిలోకి నడవడం ఆచారంగా సాగుతోంది. చలి తగలగానే బీపీ పెరుగుతుంది, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది, ఎత్తు అప్పటికే దాన్ని పెంచి ఉంచింది. గుండెజబ్బు ఉన్నవాళ్ళకు, దగ్గు మొదలైనవాళ్ళకు నేను గట్టిగా వద్దంటాను. చేతిలోకి నీళ్ళు పట్టి ఒక్కో ధార దగ్గరా నెత్తిన చల్లుకుంటూ సాగేవాళ్ళూ అక్కడ ఎంతోమంది ఉంటారు. ఎవరూ తప్పుగా చూడరు.

ఆ నేల మర్యాదలు

దిదీ ఆ అర్ధరాత్రి మాకోసం లేవడం వెనక ఒక సంగతి ఉంది. మన యాత్రా బృందాలు వంటవాళ్ళను వెంట తెచ్చుకుంటాయి. లాడ్జీ వంటింట్లోకి వెళ్ళి, వాళ్ళ గిన్నెలు పక్కకి నెట్టి, మాంసం వండే పొయ్యి అని ముఖం చిట్లించి, నీళ్ళు చల్లి, సొంత వంట మొదలుపెట్టడం నేను చూశాను. ముస్తాంగ్ ఇళ్ళలో పొయ్యి పవిత్రం. అందులో తొక్కలు, కాగితాలు, ఎంగిలి వేయరు. నేపాలీల్లో ఎంగిలి పట్టింపు మనలాగే ఉంటుంది, కాబట్టి మనవాళ్ళకు ఇది కొత్తగా నేర్పాల్సిన పని లేదు, గుర్తుచేస్తే చాలు. మేము ముందు దిదీని అడిగి, ఆమె వంట ముగిశాక మా గిన్నెలతో మొదలుపెట్టి, ఆమె చెప్పిన చోటే కడుక్కున్నాం. వేడినీళ్ళు అక్కడ తేలిగ్గా దొరికేవి కావు, కట్టెలు దొరికేవి అసలే కావు. స్నానానికి ఆరు బకెట్లు అడగకూడదు.

ముక్తినాథ్ మనదొక్కటే కాదు. టిబెటన్ బౌద్ధులు ఈ చోటును చుమిగ్ గ్యాత్సా అంటారు, గురు పద్మసంభవుడు టిబెట్‌కు వెళ్తూ ఇక్కడ ధ్యానం చేశాడని వాళ్ళ నమ్మకం. గుడి సేవలో బౌద్ధ సన్యాసినులకు తరతరాల పాత్ర ఉంది. ఎర్రబట్టల్లో ఉన్న వాళ్ళను గుడి పనివాళ్ళనుకుని "ఏయ్, ఇటు రా" అనేవాళ్ళను నేను అక్కడికక్కడే ఆపుతాను. జ్వాలామాయి ఉన్న గొంపాలో, అంటే బౌద్ధ మఠంలో, నీటి సవ్వడి పక్కన భూమిలోంచి వచ్చే సహజవాయువు మంట సన్నగా వెలుగుతుంటుంది. వంగి చూడాలి. అక్కడ కర్పూరం వెలిగించడం, కొబ్బరికాయ కొట్టడం, బుద్ధ విగ్రహాలకు కుంకుమ పెట్టడం వాళ్ళ పద్ధతి కాదు. చెప్పులు, టోపీ తీసి వెళ్ళాలి, ఫొటోకు అడగాలి. దారిలోని మణి గోడలూ (మంత్రాలు చెక్కిన రాళ్ళ గోడలు), చోర్టెన్లూ (బౌద్ధ స్తూపాలు) ఎప్పుడూ మన కుడిచేతి వైపు ఉండేలా, ప్రదక్షిణంగా దాటాలి. మణి గోడ మీద కూర్చుని ఆయాసం తీర్చుకోకూడదు. ధారల దగ్గర తడిబట్టలు వదిలేసి రావడం పుణ్యమని మనవాళ్ళలో ఒక మాట ఉంది. ఆ బట్టల కుప్పలు ఏరేది ఆ ఊరివాళ్ళే.

ద్వాదశి ఉదయం కోడలు స్నానం ముగించి తీర్థం పట్టుకున్నాక, ఒక సన్యాసిని ఎక్కడివాళ్ళని అడిగిందట. అమరావతి దగ్గర అంటే, ఆమె చేతులు జోడించింది. బుద్ధుడు కాలచక్ర తంత్రమనే బౌద్ధ సాధనను బోధించింది ధాన్యకటకంలోనే, అంటే ఇప్పటి అమరావతి దగ్గరే అని టిబెటన్ సంప్రదాయం చెబుతుంది. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర నిర్వహించినప్పుడు హిమాలయాల నుంచి జనం తరలివచ్చారు. మనం వాళ్ళ కొండకు వెళ్ళినట్టే, వాళ్ళు మన కృష్ణ ఒడ్డుకు యాత్రకు వస్తారు. ఈ సంగతి ఇప్పుడు బయల్దేరే ముందు సమావేశంలో చెబుతున్నాను. చెప్పాక గొంపాల్లో మనవాళ్ళ గొంతు తనంతట తానే తగ్గుతోంది.

తరువాత

టీచరు గారికి ఇంటికి వచ్చాక మెదడు స్కాన్, నరాల పరీక్ష చేయించాం, మామూలుగా ఉన్నాయి. ఆమె డాక్టరు ఏకాదశి ఉపవాసాల దృష్ట్యా గ్లిమెపిరైడ్ తీసేసి వేరే మందు పెట్టారు. ఆ తరువాత మా యాత్రల క్రమంలో రాణిపౌవాలో రాత్రి నిద్ర తీసేశాను. విమానం రద్దయినా, తిథి ఏదైనా, కింద రెండు రాత్రులు గడవందే జీపు పైకి కదలదని డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా చెబుతున్నాం. ద్వాదశి స్నానం కావాలన్నవాళ్ళు ఒక రోజు ముందే బయల్దేరుతున్నారు.

బయల్దేరే ముందు సమావేశానికి టీచరు గారు వస్తున్నారు. మగవాళ్ళను బయట కూర్చోమని, స్త్రీలతో ఆమె ఒక్కరే మాట్లాడతారు. మాత్ర వేసుకుంటే ఒంటేలు ఎన్నిసార్లు వస్తుందో, వేళ్ళు ఎలా జివ్వుమంటాయో, తాను ఏ ఊరి దగ్గర మాత్రను పర్సులోకి తోసేశారో చెబుతారు. ఆ తరువాత అందరినీ వరుసలో నిలబెట్టి, నేల మీద సుద్దముక్కతో గీత గీసి, పది అడుగులు నడిపిస్తారు. మార్కులు ఆమే వేస్తారు.